మా అత్తగారి కాఫీమర

కార్తికమాసమునకు ముందు అటక దులుపుట మాయింటి యాచారము. అలిపిరిలో కొండక్రిందనే మా కాపురము. గాలివానలు మొదలైనంతనే దుమ్మును, ఎండుటాకులును, ఒక్కొక్కప్పుడు కోతులును లోపల చేరును. 2024వ సంవత్సరమున అట్లు దులుపుచు పాతసామానంతయు వాకిట వేయించి, పాత యినుము కొనువానిని పిలిచితిని. చిల్లుబక్కెట్లు రెండు, విరిగిన మడతకుర్చీ యొకటి, తుప్పుపట్టిన కాఫీమర యొకటి. అతడు మరను త్రాసునకు తగిలించి, "నాలుగు కిలోలుందమ్మా. పిడి గూడా లేదు. ముక్కలకే పనికొస్తాది. నూరు రూపాయలిస్తా" ననెను. నేను సరే యంటిని. అతడు దానిని గోతములో వేయుచుండగా మరమూత టక్కున పడి మ్రోగెను.

లోపలిగదినుండి మా అత్తగారు, "అమ్మణ్ణీ, అది నా మర గదా?" అనిరి.

ఆమెకు నీటికాసులవ్యాధిచే కన్నులు చాలవరకు పోయినవి. వెలుతురును చీకటియు మాత్రము తెలియును. మంచముమీదనుండి కదలకయే, పదునొకండేండ్లుగా వినని యొక మూతచప్పుడును గుర్తుపట్టిరి. ఆ కంఠమునందు కోపము లేదు. కోపమున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది. నేను నూరురూపాయలును తిరిగి యిచ్చి, మరను గోతమునుండి తీయించితిని. వ్యాపారము చెడెనని అతడు గొణుగుకొనుచు పోయెను.

సోదరీమణులారా, ఈ మరను అటక యెక్కించినదియు నేనే. నేను కాపురమునకు వచ్చిన మరుసటియేడు, 2013లో, వంటిల్లు బాగుచేయించి గోడలకు నునుపుపలకలు అతికించితిమి. గట్టుమీద బిగించియున్న యీ నల్లనిమర ఆ తెల్లనిపలకల నడుమ నాకు కంటకముగా తోచెను. మిక్సీ వచ్చినది, అంగడిలో పొడి దొరకుచున్నది, ఇక దీనితో పనియేమి యనుకొని విప్పించి పైన పెట్టించితిని. అత్తగారి నడుగలేదు. ఆమెయు నన్నేమియు ననలేదు. చిన్ననాట మాతండ్రిగారు నాకు ఇంటివద్దనే భారతభాగవతములు చెప్పుచు ఒకనాడు "మౌనమర్ధాంగీకార" మను మాట చెప్పగా, మిగిలిన సగమేమని నేనడిగితినట. ఆయన చాలకాలము ఆ మాట చెప్పుకొని నవ్వెడివారు. అత్తవారింటికి వచ్చునప్పటికి ఆ ప్రశ్న అడుగుట నేను మానివేసితిని.

ఈ మర కథ యిది. మా మామగారి తండ్రిగారు దీనిని మదరాసునందలి మూర్ మార్కెట్టులో కొనితెచ్చిరి. పాతపుస్తకములకును, ఒకరు వాడి వదలిన సీమసామానులకును పేరువడిన ఆ మార్కెట్టు 1985లో కాలిపోయినది. 1987లో మామగారు కాలము చేసినప్పుడు మావారికి నాలుగేండ్లు; అత్తగారికి ముప్పదియొకటి. ఆమె చదివినది ఐదవతరగతి. ఇంట మగదిక్కు లేదు. అప్పుడామె ఈ మరను నమ్ముకొనిరి. చిత్తూరునుండి పచ్చిగింజలు తెప్పించి, ఇనుపమూకుడులో వేయించి, దీనిలో విసరి, అలిపిరి మొదలుకొని కపిలతీర్థమువరకు ఇంటింటికిని పొట్లములు వేసిరి. కొండ నడచి యెక్కువారు తెల్లవారకమునుపే పాదాలమండపము చేరుదురు గదా. వారికై దీపము పెట్టుకొని కూర్చుండు కాఫీయంగళ్ళు రెండుమూడింటికి ఆమె పొడియే పోవుచుండెను. దినమునకు మూడుకిలోలు విసరినచో ఇల్లు గడచును. పండుగదినములలో అయిదుకిలోలు. అట్లు పందొమ్మిదేండ్లు.

మావారి చదువంతయు ఆ చప్పుడుననే సాగినది. నేడాయన ఉన్నతపాఠశాలలో సామాన్యశాస్త్రము బోధించుచున్నారు. కాని మాకు పెండ్లియైన పదేండ్లకుగాని ఆయన నాకు చెప్పని సంగతి యొకటి కలదు. బడిలో తోటిపిల్లలు ఆయనను "కాఫీపొడీ" యని పిలిచెడివారట. చొక్కా ఎన్నిమార్లుతికినను ఆ వాసన పోయెడిది కాదట. 2006లో ఉద్యోగమై, మొదటినెల జీతము తల్లిచేతిలో పెట్టి, "ఇంక మర తిప్పొద్దమ్మా" అనిరట. ప్రేమతోనే యనిరి. అందు సిగ్గుకూడ కొంత కలదని ఇప్పుడొప్పుకొనుచున్నారు. కుమారుడు తిప్పవద్దనెను, కోడలు అటక కెక్కించెను. ఇద్దరమును ఆమె మేలే కోరితిమి.

ఆ సాయంకాలము మరను ఆమె యొడిలో పెట్టితిని. మూతనుండి అడుగువరకు తడవి చూచి, వ్రేళ్ళకంటిన తుప్పును కొంగునకు తుడుచుకొని, "మళ్ళా తిరగతాదా?" అనిరి. "తిరుగుతుందత్తా" అంటిని. దానిసంగతి నాకేమియు తెలియదు.

తెలిసికొనవలసివచ్చినది. నేను అమరకోశము వల్లించినదాననేగాని, కాఫీకి అందులో పేరు లేదు. ఉండుటెట్లు? 17వ శతాబ్దమున బాబా బుడన్ అను ఫకీరు యెమెన్ దేశమునుండి ఏడుగింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ప్రతీతి. అయినను మర లోపలి తీరు చూచినపుడు అది నాకు క్రొత్తగా తోచలేదు. తిరుగలిని ప్రక్కకు పడవేసినట్లుండును. పైన గింజలు పోయు గరాటు; దాని క్రింద అడ్డముగా నొక యిరుసు; ఇరుసుమీది మెలికగాడి గింజలను ముందునకు త్రోయును; కొనయందు పండ్లుగల బిళ్ళలు రెండు ఎదురెదురుగా నుండును. ఒకటి కదలదు, ఒకటి యిరుసుతో తిరుగును. వెలుపలి మర బిగించినకొలది బిళ్ళలు దగ్గరయి పొడి మెత్తనగును, వదలించినకొలది బరకయగును. మన తిరుగలికి కక్కు కొట్టించునట్లే, వీని పండ్లును పోతలోనే పదునుగా వేయబడినవి. మిక్సీకత్తి గింజను నరకును. అందుచే కొంత పిండియగును, కొంత పలుకుగా మిగులును. పిండి ఫిల్టరు కన్నములను మూయును. పలుకు సారము విడువదు. మరలో గింజ నలిగి యించుమించు ఒక్కతీరుగా రాలును. పదేండ్లుగా నా డికాక్షను ఒకనాడు దిగక, ఒకనాడు నీళ్ళవలె దిగుటకు హేతువు ఇదియేనని అప్పుడు తెలిసికొంటిని. అంతవరకు పాలవానిని నిందించుచుంటిని!

మొదటిపని విప్పుట. నట్టులు తుప్పుతో నొకటియై కదలలేదు. సుత్తి యెత్తబోగా మావారు వారించిరి. ఇది పోతయినుము, సాగదు, దెబ్బకు పెంకువలె పగులును. సందులలో కిరసనాయిలు చుక్కలు వేసి మూడుదినము లుంచితిమి. అప్పటికిని ఒక నట్టు మొండికెత్తెను. ఎవర్‌సిల్వరు గ్లాసులు రెండు ఒకదానిలో నొకటి యిరుకుకొన్నపుడు మన మేమి చేయుదుము? వెలుపలిదానిని వేడినీళ్ళలో నుంచి, లోపలిదానిలో చన్నీళ్ళు పోయుదుము. అట్లే నట్టుమీద మాత్రము సలసల కాగిన నీళ్ళు కొంచెము కొంచెముగా పోసి త్రిప్పగా "కిర్రు" మని వదలినది. కిరసనాయిలుండగా నిప్పుదగ్గర ఈ పని చేయరాదు. మేము వాకిట చేసితిమి.

రెండవది రంగు. మరపై ఎఱ్ఱరంగు పెచ్చులు పెచ్చులుగా నుండెను. గరుకుకాగితముతో రుద్దవలెనని కూర్చుంటిని. మావారు మరల వారించిరి. పూర్వపురంగులలో సీసము కలుపుట కలదు. పొడిగా రుద్దినచో ఆ దుమ్ము ఊపిరిలో పోవును, పిల్లలకు మరియు ప్రమాదము. కావున ముక్కునకు గుడ్డ గట్టిగా కట్టుకొని, తడిచేయుచు, ఆ పెచ్చులన్నిటిని కాగితములోనికి తీసి పొట్లము కట్టి వేరుగా పారవేసితిని. గింజలు తగులు లోపలిభాగమునకు రంగు లేకుండుట మా యదృష్టము. పెచ్చులు పోయినపిమ్మట ఇనుముమీద పోతపోసిన యక్షరములు కనబడినవి: స్పాంగ్, లండన్. ఆ సంస్థ 1856లో లండనునగరమున మొదలై ఇంటిసామాను చేసినదట. ఫ్రాన్సునందు పెజోవారు 1840లోనే కాఫీమరలు చేసిరనియు, కార్లు చేయుట అటుపిమ్మటిమాట యనియు మావారు చెప్పి, పిల్లలను పరీక్షించునట్లు నన్ను మరునాడు తిరిగి యడిగిరి. నేను పప్పు తిరగమోత వేయుచుంటిని, ఉత్తరమీయలేదు.

తుప్పునకు చింతపండు. రాగిచెంబునకు మనము చేయునదే. పులుసులోని ఆమ్లము తుప్పును కరగించును. మఱచి యటులే యుంచినచో ఇనుమునుగూడ తినును. అందుచే ఒకగంటకు మించి నానబెట్టక, తీసి కుంచెతో తోమి, వంటసోడానీళ్ళతో కడిగి, వెంటనే తుడిచి పొయ్యివెచ్చదనమున ఆరబెట్టితిని. ఇట్లు నాలుగుమార్లు. ఒకనాడు ఆరబెట్టుట మఱచి బజారునకు పోయి వచ్చుసరికి మరల పసుపుపచ్చని పొర క్రమ్మినది! పనియంతయు మొదటికి వచ్చెను. వెలుపలిభాగమునకు దోసెపెనమునకు పూసినట్లు నూనె పలుచగా పూసి కాచితిని. పండ్లబిళ్ళలకుమాత్రము పూయలేదు. నూనె అచ్చట నిలిచినచో కొన్నాళ్ళకు చెడి పొడికంతకును కమటువాసన పట్టును.

తక్కినవి రెండు: ఒక కాలు పగులు, పోయిన పిడి. తిరుపతిలో లేతుపనివాని యంగడికి నాలుగుమార్లు తిరిగితిని. అతడు పనిలో నేర్పరి. పోతయినుము కాలును ముందుగా కాచి, ఇత్తడితో అతికి, బూడిదలో కప్పి నిదానముగా చల్లార్చెను. చప్పున చల్లారినచో అతుకుప్రక్కనే మరల పగులునట. అతని పని చూచి నాకు గౌరవము కలిగినది. కాని పండ్లబిళ్ళలను చూచి, "అరిగిపోయినాయమ్మా, చక్రంమీద పట్టి కొత్తగా చేస్తా" ననెను. ఇంటికి వచ్చి చెప్పగా అత్తగారు బిళ్ళ నడిగి పుచ్చుకొని, బొటనవ్రేలితో పండ్లన్నిటిని వరుసగా తడవిరి. ఒకప్రక్క పండ్లు తక్కినవానికంటె నునుపెక్కియుండెను. "వీటిని ముట్టొద్దు. వీటి వాలు నాకు తెలుసు" ననిరి. నేను ముట్టనీయలేదు. బుద్ధిమంతుడైన లేతుపనివాడు సరియో, చూపులేని ముసలమ్మ సరియో నాకప్పుడు తెలియదు, నమ్మితిని.

పిడిని అతడు ఉక్కుకడ్డీతో చేసి, కొనకు నల్లని రబ్బరుగుండు తొడిగెను. నాలుగువందల యేబదిరూపాయలు. తళతళలాడుచుండెను. బిగించి, లోపలి మురికి పోవుటకు అత్తగారు చెప్పినట్లు మొదట నూకలు పోసి త్రిప్పితిని. మొదటిమారు బూడిదరంగు, రెండవమారు పసుపు, మూడవమారు తెలుపు. కాని త్రిప్పుటకు భుజము పీకుచుండెను. "ఏం అంత బరువుగా తిప్పతా ఉండావు?" అని అడిగి, అత్తగారు చేయి చాచి పిడిని పట్టుకొనిరి. కొననుండి మొదటివరకు జేనవేసి కొలిచి, "నాలుగేళ్ళు పొట్టి. పొట్టిపిడికి బలమెక్కువ గావాల" ననిరి. మావారు బడిలో తులాదండమునుగూర్చి చెప్పు పాఠమదే!

పిమ్మట ఆమె కొంతసేపు ఊరకుండి, "నా ట్రంకుపెట్టె తెరువు. అడుగున ఉండాది" అనిరి.

అడుగున, మామగారి పాతపంచె చెఱగులో చుట్టబడి, మర పిడి యుండెను. తుప్పు చుక్కయైన లేదు. కొయ్యగుండు ఒకప్రక్క పల్లముగా అరిగి, అద్దమువలె నునుపై, అరచేతి యాకారమున నుండెను.

"ఎప్పుడు తీసినారత్తా?"

"నువ్వు అటకకెక్కించే ముందురోజు రాత్రి."

"మరి చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు గదమ్మణ్ణీ."

నిజము చెప్పవలెనన్న నాకు ముందుగా కోపమే వచ్చినది. పదిదినములుగా పిడికై నేను ఎండలో తిరుగుట ఆమెకు తెలియును. నాలుగువందల యేబది వ్యయమైనది. ఆ మాటయు అంటిని. "నిజంగా బాగుచేస్తావో, ఊరికే అంటా ఉండావో, నాకెట్ట తెలుస్తాది?" అనిరి. నేను పంచెముక్కను మడతపెట్టుచు కూర్చుంటిని. పదునొకండేండ్లు ఆ పెట్టెపైననే నేను ఉతికిన చీరలు దొంతిగా పెట్టుచుంటిని.

కొయ్యగుండు కొంచెము కదలుచుండెను. లేతుపనివాడు క్రొత్తది వేయుదుననెను. అక్కరలేదని, సన్ననిచీల యొకటి కొట్టించి బిగింపించితిని. తళతళలాడు పిడి యిప్పుడు మా పనసచెట్టు కాయలు తట్టి చూచుటకు పనికివచ్చుచున్నది.

గింజలు మావారు తెచ్చిరి. అరకులోయ అరబికాకు 2019లో భౌగోళికగుర్తింపు వచ్చినదని పొట్లము చూపి చెప్పగా, అత్తగారు గుప్పెడు గింజలు వాసన చూచి, "బాగానే ఉండాయి. సగం పీబెర్రీ కలిపింటే ఇంకా బాగుండు" ననిరి. చికోరీసంగతి అడిగితిని. "ఆ వేరు వేస్తే రంగొస్తాది, చిక్కనొస్తాది. అంగడోళ్ళకు కలిపినా. ఇంటోళ్ళకు అడిగితేనే" అని వ్యాపారరహస్యము చెప్పిరి. గింజలను నేనే వేయించితిని. ఎప్పుడు దింపవలెనో ఆమె ప్రక్కగదినుండి, చిటపట శబ్దము విని చెప్పిరి. నేనయినచో ఇంకొక నిమిషముంచి మాడ్చియుందును.

వంటింటిగట్టుమీద, తెల్లనిపలకల నడుమ, పూర్వస్థానముననే మర బిగించితిమి. అత్తగారిని కుర్చీలో కూర్చుండబెట్టితిని. ఎడమచేయి గరాటుమీద వేసి, కుడిచేత పిడి పట్టి, మొదట వెనుకకు అరచుట్టు త్రిప్పి, పిమ్మట ముందునకు త్రిప్పిరి. ఇరుకుకొన్న గింజ అట్లు సర్దుకొనునట. రాలిన పొడిని చిటికెడు తీసి బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ రుద్దిరి. "బరక. పావుచుట్టు బిగించు." బిగించితిని. "ఎక్కువైంది. గోరంత వదులు." వదలించితిని. మూడవమారు రుద్ది మరి మాటలాడక త్రిప్పసాగిరి. అరిగినప్రక్క పండ్లు వచ్చినప్పుడెల్ల మర చప్పుడు కొంచెము మారుచుండెను. ఆ చప్పుడునకు తగినట్లు ఆమె చేయి తనంతతానే కొంచెము నెమ్మదించుచుండెను. నాకప్పుడు బిళ్ళలను చక్రముపై పట్టింపనందుకు ఎంతయో సంతోషము కలిగెను.

అప్పుడే మావారు బడినుండి వచ్చిరి. చెప్పులైన విడువక వాకిట నిలుచుండిపోయిరి. నేను చూచియు పిలువలేదు. కొంతసేపటికి లోనికి వచ్చి, "నేను తిప్పుతానమ్మా" అనిరి. ఆమె లేవలేదు గాని పిడి విడిచిరి. ఆయన ఉత్సాహముతో గిరగిర త్రిప్పగా, "మెల్లగా నాయనా! పొడి వేడెక్కితే వాసన ఈడనే పోతాది, తాగేదానికి ఏం మిగలదు" అని గదిమిరి. నలుబదియొక్కయేండ్ల ఉపాధ్యాయుడు ఏమియు మాటలాడక వేగము తగ్గించెను. ఆనాటి చొక్కాను మరునాడు నేనుతికితిని. వాసన నిజముగనే పోదు!

ఇది జరిగి చాలదినములైనది. వాసనబట్టి ప్రక్కయింటివారు మొదట వచ్చిరి. పిమ్మట వీథిలో మరి ముగ్గురు గింజలు తెచ్చుకొని రాసాగిరి. పావుకిలోకు పదిరూపాయలు కూలి యని అత్తగారే నిర్ణయించిరి. వలదని మావారనబోగా నేను కనుసన్న చేసితిని. దినమునకు అరకిలోకు మించి విసరనీయము. ఆమెకు భుజము నొప్పియని వైద్యులును అంత చాలుననిరి. బిళ్ళలన్నియు పాతకాఫీడబ్బాలో వేసికొని, రాత్రి నిద్రకుముందు లెక్కపెట్టుకొందురు.

మొన్న నాదివారము మాయింటి గింజలు తీసికొనిపోయి ఆమెముందు పెట్టితిని. విసరుట ముగించి, డబ్బామూత తీసి, చేయి చాచిరి.

"మనింటి పొడికి కూడానా అత్తా?" అంటిని.

"రెక్కలనొప్పి ఇంటోళ్ళకయితే రాదా?"

పదిరూపాయల బిళ్ళ యొకటి తెచ్చి యిచ్చితిని. దాని యంచును వ్రేళ్ళతో తడవి చూచి, డబ్బాలో వేసికొనిరి.